మూడో కృష్ణుడి కోసం మేలుకునే ఊళ్లు

గోదావరి డెల్టాలో పద్యనాటకం కరపత్రం చేతికందితే కొత్తవాళ్లు ముందు తడబడేది కృష్ణుళ్ల లెక్క దగ్గర. నాటకం ఒకటే, రాత్రి ఒకటే. కృష్ణుడు మాత్రం ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని వరసగా పేర్లు, పేర్ల పక్కన కిరీటాలతో ఫొటోలు. ఒకటో కృష్ణుడు ద్వారకలో పడక సీను చేసి దిగిపోతే, రెండో ఆయన రాయబారానికి హస్తినకు వెళ్తాడు, మూడో ఆయన యుద్ధరంగంలో పగ్గాలు పడతాడు. మొహం మారిందేమని ఊళ్లో ఎవరూ అడగరు. ఏ గొంతులో ఏ పద్యం వినాలో వాళ్లకు ముందే తెలుసు. రాయబారం బాగా పాడేవాడు రాయబారం పాడాలి, అంతే. అదే కరపత్రంలో హార్మోనిస్టు పేరు నటుల పేర్లకు దీటుగా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కథ సంగతి ఎక్కడా రాయరు. ఎవరికి తెలియదని రాస్తారు?

2018లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేలో ‘ద షేర్ షో’ అనే సంగీత నాటకం మొదలైంది. అమెరికా గాయని షేర్ జీవితాన్ని ఆమె పాత పాటలతోనే అల్లారు. షేర్ పాత్రను మూడు వయసులకు ముగ్గురు నటీమణులు వేశారు. మన తీర్థాల్లో నాటకాలు చూసి పెరిగినవాళ్లకు అందులో వింతేమీ కనపడదు.

ఆ తరహా నాటకాలను అక్కడ జూక్‌బాక్స్ మ్యూజికల్ అంటారు. పాటలు కొత్తగా కట్టరు. జనానికి ఎప్పుడో నోటికొచ్చిన పాటలను తీసుకుని వాటి చుట్టూ నాటకం నడుపుతారు. 1999లో లండన్‌లో మొదలైన ‘మమ్మా మియా’ స్వీడన్ బృందం ఆబ్బా పాటలతో కట్టింది. 2002లో వచ్చిన ‘వీ విల్ రాక్ యూ’ క్వీన్ అనే రాక్ బృందం పాటలతో కట్టింది. ఈ రెండోదాన్ని విమర్శకులు తీసిపారేశారు, కథలో పస లేదన్నారు. జనం మాత్రం డొమినియన్ థియేటర్లో దాన్ని పన్నెండేళ్లు ఆడించారు. 2009లో బ్రాడ్‌వేకు వచ్చిన ‘రాక్ ఆఫ్ ఏజెస్’ 1980ల నాటి రాక్ పాటల మూట. తెలిసిన పాటే మళ్లీ వినడానికి అంత ఖరీదు పెట్టి టికెట్ కొనుక్కుని ఎందుకు వెళ్తారన్న ప్రశ్న అప్పటినుంచీ నడుస్తూనే ఉంది. దానికి నా మట్టుకు నాకు తృప్తిగా తోచిన జవాబు అత్తిలిలోనో భీమవరంలోనో రాత్రి రెండింటికి నిద్ర ఆపుకుంటూ కూర్చున్న జనం దగ్గర దొరుకుతుంది.

ఇక్కడ నాటకం పద్యంతో మొదలవలేదు. తెలుగు రంగస్థలం పుట్టిన ఊరు రాజమహేంద్రవరం. పుట్టించినాయన కందుకూరి వీరేశలింగం. ధార్వాడ నాటక కంపెనీ కోస్తా ఊళ్లు తిరుగుతూ ఆడిన రోజులవి. 1880లో కందుకూరి తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. కోర్టుల్లో ప్లీడర్లు చేసే మోసాల మీద, జనం మాట్లాడుకునే మాటల్లో రాసిన నాటకం. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16నే ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుతున్నారు. సంస్కరణ కోసం వచనంలో మొదలైన రంగస్థలం పదేళ్లు తిరక్కుండానే పద్యం వైపు వాలిపోయింది. అటు బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పద్యాలూ పాటలూ పెట్టి నాటకాలు ఆడిస్తున్నారు. ఇటు రాజమండ్రిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు నాటక సమాజం నడుపుతూ, దానికి నాటకాలు రాసిపెట్టమని చిలకమర్తి లక్ష్మీనరసింహాన్ని అడిగారు.

చిలకమర్తి పుట్టింది 1867లో, ఖండవల్లిలో. చిన్నప్పటినుంచీ చూపు సరిగా ఆనేది కాదు, తర్వాత పూర్తిగా పోయింది. ముందు వచన నాటకాలు రాసి ఇచ్చారు. తర్వాత వచ్చిన ‘గయోపాఖ్యానం’ ఆంధ్రదేశాన్ని ఊపేసింది. ఆకాశంలో పోతున్న గయుడు ఉమ్మిన తాంబూలం సంధ్య వారుస్తున్న కృష్ణుడి దోసిట్లో పడుతుంది. గయుణ్ణి చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేస్తాడు, కాపాడతానని అర్జునుడు మాటిస్తాడు. బావా బావమరదులు ఒకరి తప్పులొకరు ఎత్తిపొడుచుకుంటూ పద్యాలు విసురుకునే ఘట్టం కోసం జనం ఊళ్లు దాటి నడిచి వచ్చేవారు. లక్షకు పైగా ప్రతులు అమ్ముడైన తెలుగు నాటకంగా దానికి పేరుంది. నాటకం పుస్తకం అన్ని ప్రతులు పోయిందంటే చదువరులే కాదు, పాడుకునేవాళ్లు కూడా కొన్నారనే అర్థం. హనుమంతరావు నాయుడి సమాజంలో ఆడవేషాలు కట్టిన ఒంగోలు కుర్రవాడు టంగుటూరి ప్రకాశం. ఆ తర్వాత రాజమండ్రికి మునిసిపల్ చైర్మన్ అయ్యారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

ఇంత జరిగినా అసలు పాటల పెట్టె, అంటే మన జూక్‌బాక్స్, ఇంకా రాలేదు. దాన్ని ఇచ్చినవాళ్లు తిరుపతి వేంకట కవులు. ఇద్దరూ డెల్టా మనుషులే. దివాకర్ల తిరుపతి శాస్త్రిది భీమవరం దగ్గర యండగండి. చెళ్లపిళ్ల వేంకట శాస్త్రిది ఇప్పుడు పూలమొక్కల నర్సరీలకు పేరుపడ్డ కడియం. అవధానాలతో సంస్థానాలు తిరిగి సన్మానాలందుకున్న ఈ జంట పాండవుల కథను జననం నుంచి అశ్వమేధం దాకా ఆరు నాటకాలుగా రాసింది. వాటిలో ఉద్యోగాన్నీ విజయాన్నీ కలిపి ఆడేదే ‘పాండవోద్యోగ విజయాలు’. వేరే నాటకాలు ఏమైనా, ఇది మాత్రం వందేళ్లుగా ఆగలేదు.

ఎందుకాగలేదో పద్యాల్లోనే ఉంది. కృష్ణుడు నిద్ర లేచి తలాపున కూర్చున్న దుర్యోధనుణ్ణి పలకరించే పద్యం చూడండి. చుట్టం ఇంటికొస్తే అడిగే కుశల ప్రశ్నలు అవి: ఎప్పుడొచ్చావు, అందరూ బాగున్నారా, ఫలానావాళ్లు ఎలా ఉన్నారు. వృత్తం నియమాలన్నీ పాటిస్తూనే ఆ మాటలు అరుగు మీద మాటల్లాగే నడుస్తాయి. గణం కోసం ఎక్కడా మాట వంకర పోదు, నిఘంటువు తీసే పని ఉండదు. అందుకే బడి మొహం చూడని మనిషికి కూడా రెండుసార్లు వింటే పట్టుబడేది. రాయబారంలో అర్జునుడి రథాన్నీ, జెండా మీది హనుమంతుణ్ణీ కళ్లకు కట్టించి కౌరవ సభను బెదిరించే పద్యమూ అంతే. యుద్ధం వస్తే ఏం జరుగుతుందో ముందుగానే చూపించే ఆ పద్యం ఎడ్లబండి తోలుకుంటూ పాడుకున్నవాళ్లు ఈ జిల్లాల్లో ఎందరో. మహాకవుల పద్యాలకు దక్కని అదృష్టం ఇది. చెళ్లపిళ్ల 1949లో ఆస్థాన కవి అయ్యారు, సన్మానాలకు లోటు లేదు. పొలం గట్టు మీద పాడుకోవడం వాటన్నిటికంటే పెద్ద గౌరవమని నేననుకుంటాను.

పద్యం రాయడం ఒక ఎత్తు, దానికి వరస కట్టడం ఇంకో ఎత్తు. పాత పద్ధతిలో పద్యం చదివేవారు. కంపెనీ నాటకాలు వచ్చాక పాడటం మొదలైంది. పార్సీ కంపెనీల హార్మోనియం, హిందుస్తానీ రాగాల పోకడ తెలుగు వేదిక మీదికి చేరాయి. మైలవరం కంపెనీలో పాపట్ల కాంతయ్య కట్టిన వరసలు, కపిలవాయి రామనాథశాస్త్రి గొంతు ఆ దారిని రాజబాట చేశాయి. ఆ తర్వాత వరస కూడా పద్యంలో భాగమైపోయింది. ఏ పద్యం ఏ రాగంలో ఎత్తుకోవాలో, ఎక్కడ విరవాలో, ఆఖరి పాదం మీద ఎంతసేపు రాగం తీయాలో జనానికి తెలుసు. మైకులు లేని రోజుల్లో వెనక వరసకు వినపడాలంటే పై శ్రుతిలో పాడాల్సిందే. ఆ అవసరమే తర్వాత అందమైంది. రాక్ సంగీతానికి ఎలక్ట్రిక్ గిటారు ఎలాగో ఈ నాటకానికి ఆ పై శ్రుతి, గుక్క తిప్పుకోని ఆ రాగం అలాగ. చెవితోనే కాక ఛాతీతో వినే సంగీతం అది. నటుడు ఆఖరి స్వరం మీద నిలబడితే మొదట నిశ్శబ్దం, తర్వాత ఈలలు, ఆ తర్వాత ఎక్కడో చీకట్లోంచి ‘వన్స్‌మోర్’ అని ఒక కేక.

ఆ కేకను పండితులు చాలాకాలంగా తప్పుపట్టారు. సభలో రాయబారి ఒకే మాట రెండుసార్లు చెప్పడమేమిటి, హరిశ్చంద్ర నాటకంలో కాటిలో ఏడుస్తున్న చంద్రమతి లేచి మళ్లీ మొదటినుంచి ఏడవడమేమిటి అని. పాత్రౌచిత్యం కోణంలో వాళ్లదే న్యాయం. ఆ రాత్రి అక్కడ జరిగేది మాత్రం కథ చెప్పడం ఒక్కటే కాదు. దుర్యోధనుడు ఒప్పుకుంటాడా లేదా అని ఎవరూ కాచుకుని కూర్చోలేదు. కథ బరువు దిగిపోయింది కాబట్టి చెవి మొత్తం పాడే తీరు మీదే ఉంటుంది. రెండో పాదంలో ఈయన కొత్తగా ఒక సంగతి వేశాడు, నాలుగో పాదంలో ఆయన తొందరపడ్డాడు, హార్మోనియం సగం స్వరం ముందే అందుకుంది: తెలిసిన పద్యంలోనే ఇంత తేడా పట్టుకోగలం. తెల్లారి కాఫీ హోటలు దగ్గర వాదనలు ఇవే. మమ్మా మియాకు వెళ్లేవాళ్లది గతం మీద మమకారమేనని కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతి మరచిపోతారు. తెలియని పాటకు శ్రోత అతిథి. తెలిసిన పాటకు మాత్రం తానే ఇంటివాడు, తప్పు పట్టే హక్కు తనకుంది.

మరో పోలిక ఇంకా దగ్గరది. జూక్‌బాక్స్ మ్యూజికల్‌లో పాట ఒకరిది, కథ ఇంకొకరిది. మన వేదిక ఈ పని ఎప్పుడో చేసింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చేసరికి నటులు గుర్రం జాషువా పద్యాలు అందుకుంటారు. అవి ఆయన శ్మశానవాటి ఖండికలోవి. నాటకం కోసం రాసినవి కావు. రాజు కాటికాపరిగా మారి నిలబడ్డ చోట, అంటరానితనం అనుభవించిన కవి మాటలు వచ్చి కూర్చున్నాయి. ఎవరో పెద్ద నాటకకర్త ఆలోచించి చేసిన మార్పు కాదది. పద్యం బాగుంది, చోటు కుదిరింది, జనం ఔనన్నారు. డి.వి. సుబ్బారావు వంటి నటుల గొంతులో ఆ పద్యాలు లేని కాటిసీను ఇవాళ ఊహకే అందదు. స్థానం నరసింహారావు సంగతీ ఇలాంటిదే. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ పాడే పాటను ఆయనే రాసుకుని చేర్చుకున్నారు. నాటకం కంటే పాట ఎక్కువకాలం బతికి 1966లో సినిమాలో జమున మీదికి చేరింది.

ఇదంతా ఈ నేల మీదే ఇంతగా ఎందుకు పండిందంటే కారణాలు మట్టిలోనూ నీళ్లలోనూ ఉన్నాయి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద పంట నిలకడగా వచ్చింది. కోతలయ్యాక ఊరి చేతిలో డబ్బూ తీరికా ఉండేవి. 1900లో గోదావరి మీద హేవలాక్ వంతెన తెరుచుకుని మద్రాసు రైలు కలకత్తాదాకా దారి పట్టింది. పెట్టెలతో, తెరలతో కంపెనీలు స్టేషన్లో దిగేవి. లోపలి ఊళ్లకు కాలువ పడవలుండేవి. తర్వాత కంపెనీల రోజులు పోయి కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. ఒక కాంట్రాక్టరు ఈలపాట రఘురామయ్యను ఒక ఊరినుంచి, ఇంకొకరిని ఇంకో ఊరినుంచి పిలిపించి ఒక్క రాత్రికి ఒక వేదిక మీద నిలబెట్టేవాడు. రిహార్సలు ఉండేది కాదు. అందరికీ అదే నాటకం కంఠస్థం కనుక అవసరమూ లేదు. రఘురామయ్య నోట్లో వేలు పెట్టి ఈలతోనే పద్యం పలికించేవారు. 1975లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒకే వేదిక మీద ఇద్దరు గొప్ప గాయకులు నిలబడితే పోటీ వస్తుంది, పోటీకి జనం వస్తారు. ముగ్గురు కృష్ణుళ్ల ఆనవాయితీ వెనక ఈ లెక్క కూడా ఉంది.

కాకినాడ వైపు కథ కొంచెం వేరు. అక్కడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలాడేది. ఎస్వీ రంగారావు, రేలంగి, పెద్దాపురం నుంచి వచ్చిన అంజలీదేవి, సంగీతం కట్టే ఆదినారాయణరావు అందరూ ఆ గూటి పక్షులే. అటు పాలకొల్లు అల్లు రామలింగయ్యను ఇచ్చింది. మద్రాసు సినిమా వీళ్లందరినీ తీసుకుపోయింది. పద్యాలనూ తీసుకుపోయింది. గ్రామఫోన్ రికార్డుల మీద అప్పటికే తిరుగుతున్న రాయబారం పద్యాలు 1967 నాటి ‘శ్రీకృష్ణావతారం’లో ఘంటసాల గొంతులో, ఎన్టీఆర్ మొహం మీద కనిపించాయి. 1977లో ‘దానవీరశూరకర్ణ’ మళ్లీ తిరుపతి వేంకట కవుల పద్యాలనే తీసుకుంది. నాటకం చచ్చిపోతుందనుకున్నారు. జరిగింది మరోటి. సినిమా చూసి పద్యం నేర్చుకున్న తరం నాటకానికి వచ్చి, ఘంటసాల వరసను ఈ నటుడు ఎలా పాడతాడో చూద్దామని కూర్చుంది. రికార్డు ముందు, నాటకం తర్వాత! ఆబ్బా అభిమానులు లండన్ థియేటర్‌కు నడిచిన దారి కూడా ఇదే.

ఈ మమకారానికి ఒక చేదు ముఖం ఉంది, దాన్ని దాటేసి పోలేను. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ వేశ్యావ్యసనం కొంపలెలా ముంచుతుందో చెప్పడానికి రాసిన నాటకం. వరకట్నం మీద ‘వరవిక్రయం’ రాసిన సంస్కర్త ఆయన, పశ్చిమ గోదావరి మత్స్యపురిలో పుట్టారు. చింతామణి పద్యాలూ జనం నోటికెక్కాయి. ఊళ్లు తిరిగేకొద్దీ పద్యాల మధ్య ఖాళీల్లో సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ నటులు సొంత మాటలు చేర్చారు. ఈలలు పడ్డ చోట ఇంకో రెండు చేర్చారు. రాసినాయన ఉద్దేశం అడుగున పడి, ఒక కులాన్ని ఆడిపోసుకునే బూతు పైకి తేలింది. ఆ సామాజికవర్గం ఎన్నో ఏళ్లు గోడు వెళ్లబోసుకున్నాక 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. నిషేధంతో ఆ వేషం కట్టి బతికే పేద నటులు రోడ్డున పడ్డారన్నది నిజం. ఏళ్ల తరబడి ఒక కులం పిల్లలు బడిలో సుబ్బిశెట్టి పేరుతో ఎగతాళి పడ్డారన్నదీ నిజం. జనం కోరిందల్లా పెట్టెలో వేస్తూ పోతే నాటకకర్త మాటకు కాపలా ఎవరుంటారు? నాటక పరిషత్తులు కాళ్లకూరి రాసిన ప్రతిని రాసినట్టుగా ఆడించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని నా నమ్మకం.

పద్యాలు తెంపుకుని పాడుకోవడం వల్ల ఇంకో నష్టం మెల్లగా జరిగింది. పూర్తి నాటకం అరుదైపోయింది. ఇప్పుడు చాలా ఊళ్లలో ఆడేది సీన్లే: ఒక పడక సీను, ఒక రాయబారం, ఒక కాటిసీను. ఒకే రాత్రి మూడు నాటకాల్లోంచి మూడు ముక్కలు. కర్ణుడి బాధ ఎక్కడ మొదలైందో, ద్రౌపది ఎందుకు జుట్టు ముడవలేదో నాయనమ్మ దగ్గర వినని కుర్రవాడికి ఆ ముక్కలు అతకవు. పోటీ నాటకాలది మరో తీరు. అక్కడ నిమిషాల లెక్క, న్యాయనిర్ణేతలు, వన్స్‌మోర్‌కు చోటుండదు. నటన మెరుగుపడింది, మాట స్పష్టత పెరిగింది. జనం గొంతు మాత్రం తగ్గింది. రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నేను తీర్థం వేదికనే ఎంచుకుంటాను. ఒక పద్యం మళ్లీ కావాలని అడిగే హక్కు ఊరికి ఉండాలి.

కుర్రకారు రారన్న మాటలో సగమే నిజం. సినిమా పాటల ఆర్కెస్ట్రా ఉన్న రాత్రి వాళ్లు అక్కడే ఉంటారు. పద్యం వీడియోలు ఫోన్లో చూసేవాళ్లలో కూడా వాళ్లే ఉన్నారు. కొరత అసలు హార్మోనిస్టుల దగ్గర ఉంది. కీబోర్డు వాయించేవాడు దొరుకుతాడు. నటుడు శ్రుతి పెంచితే వెంటనే పట్టుకుని, పద్యం మరచిపోతే మొదటి అక్షరం అందించి, రాగం మధ్యలో ఊపిరి చాలక ఆగినచోట ఆ ఖాళీని జనానికి తెలియకుండా పూడ్చే మనిషి దొరకడు. ఆరేడు నాటకాలు మొత్తం తలలో ఉంటేగాని అది సాధ్యం కాదు. నటులకు సన్మానాలు చేసే కమిటీలు ఇద్దరు పిల్లలకు హార్మోనియం నేర్పే ఖర్చు పెట్టుకుంటే ఈ విద్య ఇంకో తరం నిలుస్తుంది. సంగీత కళాశాలలు దీన్ని తక్కువ విద్యగా చూడటం మానాలి.

వినాలనుకునేవాళ్లు కార్తీకం దాటాక బయల్దేరవచ్చు. మార్గశిరంలో సుబ్రహ్మణ్య షష్ఠికి అత్తిలి వంటి ఊళ్లలో ఉత్సవాలు మొదలవుతాయి. భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాలు సంక్రాంతి రోజుల్లో మొదలై నెల దాటి సాగుతాయి. రాజమహేంద్రవరంలో ఆనం కళాకేంద్రం దగ్గర బోర్డు చూసి వెళ్లండి, పోటీ నాటకాలయితే అక్కడ కుర్చీలూ ఏసీ ఉంటాయి. ఊరి వేదికకైతే రాత్రి పదికల్లా చేరి హార్మోనియం ఉన్న వైపు కూర్చోవాలి. మొదటి గంట ప్రార్థనలకూ పెద్దల ప్రసంగాలకూ పోతుంది, విసుక్కోవద్దు. పక్కన కూర్చున్న పెద్దాయన పెదవులు కదుపుతుంటే ఏ పద్యం రాబోతోందో ఆయన్నే అడగండి. రాగమేమిటో, ఫలానా నటుడు దాన్ని ఎలా పాడేవాడో, ఈయన ఎక్కడ తప్పుతాడో అన్నీ చెబుతారు. రెండో కృష్ణుడు వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మూడో ఆయన కోసం ఉండాలనుకుంటే మాత్రం ఫ్లాస్కులో టీ తెచ్చుకోవడం మంచిది.